వార్తకు స్వరాజ్యం కోరిన సదానంద్

దినపత్రికలో వార్త మొదట ఊరి పేరు, తేదీ, ఆ పక్కన రెండు మూడు పొడి అక్షరాలు ఉంటాయి. పి.టి.ఐ. అనో, యు.ఎన్.ఐ. అనో, రాయిటర్ అనో. పాఠకులలో నూటికి తొంభైమంది వాటిని దాటి అసలు వార్తలోకి వెళ్ళిపోతారు. అందులో తప్పులేదు. కాని ఆ వార్తను ఎవరు చూశారు, ఎవరు రాశారు, ఎవరు మోసుకొచ్చారు అన్నది ఆ పొడి అక్షరాలే చెబుతాయి. ఎంత పెద్ద పత్రిక అయినా దేశంలోని ప్రతి పట్టణంలోనూ, ప్రపంచంలోని ప్రతి రాజధానిలోనూ తన విలేకరిని పెట్టుకోలేదు. అందరి తరఫునా వార్త సేకరించి, తంతి మీద పంపి, చందా పుచ్చుకునే సంస్థలు అందుకే పుట్టాయి. ఆ సంస్థ పరాయివాడి చేతిలో ఉంటే పత్రిక మనదైనా వార్త మనది కాదని పట్టుబట్టి, ఆ పట్టుదల కోసం రెండుసార్లు చేతులు కాల్చుకున్న పాత్రికేయుడు స్వామినాథన్ సదానంద్.

బొంబాయి పాత్రికేయులు ఆయనను ఫ్రీ ప్రెస్ జర్నల్ సంపాదకునిగా గుర్తుపెట్టుకున్నారు. తమిళులు దినమణిని తెచ్చినవారుగా ఎరుగుదురు. తెలుగు పాఠకులకు ఆయన పేరు అంతగా పరిచయం లేకపోయినా, ఒక తెలుగు దినపత్రిక పుట్టుకకు ఆయన చేజార్చుకున్న సంస్థే పునాది అయింది. ఆ సంగతి ముందు వస్తుంది.

రాయిటర్ రాజ్యం

సదానంద్ ఎవరితో తలపడ్డారో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్ళాలి. జూలియస్ రాయిటర్ 1851లో లండనులో వార్తాసంస్థ పెట్టాడు. 1866లో హెన్రీ కాలిన్స్ అనే ప్రతినిధిని బొంబాయికి పంపి ఇక్కడ దుకాణం తెరిచాడు. 1870లో సముద్రగర్భ తంతి బొంబాయి చేరడంతో ఇంగ్లండు వార్త ఇక్కడికీ, ఇక్కడి వార్త ఇంగ్లండుకూ గంటలలో చేరసాగింది. అదే ఏడు రాయిటర్, ఫ్రాన్సుకు చెందిన హవాస్, జర్మనీకి చెందిన ఉల్ఫ్ సంస్థలు ప్రపంచాన్ని వాటాలు వేసుకున్నాయి. ఎవరి వాటాలోకి ఇంకొకరు రాకూడదని ఒప్పందం. అన్నదమ్ములు పొలం గట్లు వేసుకున్నట్టే. ఇండియా రాయిటర్ వాటాకు వచ్చింది. ఇండియావారిని ఎవరూ అడగలేదు.

దేశం లోపలి వార్తల సంగతి వేరు. దానికి ఆద్యుడు కేశవచంద్ర రాయ్ అనే బెంగాలీ పాత్రికేయుడు. కె.సి. రాయ్ అంటేనే అందరికీ తెలుస్తుంది. ప్రభుత్వం వేసవికి సిమ్లా, చలికాలానికి కలకత్తా మారే రోజులలో, పెద్ద ఆంగ్ల పత్రికల ప్రతినిధులతో కలిసి ఆయన అసోసియేటెడ్ ప్రెస్ ఆఫ్ ఇండియాను నెలకొల్పారు. అలుపెరగక తిరిగి వార్త తెచ్చేది రాయ్, పెత్తనం దొరలది. సంస్థలో తగిన స్థానం ఇవ్వకపోవడంతో రాయ్ బయటికి వెళ్ళి ఉషానాథ్ సేన్ తోడుగా పోటీ సంస్థ పెట్టారు. ఆయన లేకుండా తమ బండి నడవదని గ్రహించిన దొరలు మళ్ళీ పిలుచుకున్నారు. ఒక భారతీయుని రెక్కల కష్టంతో నిలబడిన ఆ సంస్థ చివరకు రాయిటర్ గుప్పిట్లోకే పోయింది. 1931లో రాయ్ కన్నుమూసే నాటికి పేరు ఇండియాది, సొత్తు లండనుది.

ఈ ఏర్పాటులో చిక్కు ఎక్కడుంది? ప్రభుత్వ కార్యాలయాలు ఈ సంస్థల తంతి వార్తలకు చందా కట్టేవి. తంతి శాఖ ప్రభుత్వానిదే. 1885 నాటి తంతి చట్టం ప్రకారం తమకు నచ్చని తంతిని ఆపే అధికారమూ ప్రభుత్వానిదే. ఇక లాట్ సాహేబు ప్రసంగం అక్షరం పొల్లుపోకుండా వచ్చేది, లాఠీచార్జి మాత్రం రెండు వాక్యాలలో ముగిసేది. సంస్థలో పనిచేసేవారంతా చెడ్డవారని కాదు. వారిలో నిపుణులూ, దేశాభిమానులూ ఉన్నారు. కాని అన్నం పెట్టే చేతిని మరచి వార్త రాయడం సంస్థ మొత్తానికి సాధ్యం కాదు.

దేశభాషా పత్రికల పాట్లు ఇంకా ఎక్కువ. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక 1914లో మద్రాసునుంచి దినపత్రికగా వెలువడసాగింది. అటువంటి పత్రికకు బయటి ప్రపంచపు వార్త ఇంగ్లీషు తంతిగానే వచ్చేది. మాటకింత అని రుసుము గనుక తంతిలో విభక్తులూ, క్రియలూ ఎగిరిపోయేవి. ఆ ఎముకల గూటికి రక్తమాంసాలు కల్పించి తెలుగు చేయడం ఉపసంపాదకుని పని. సంపాదకీయంలో ఎంత నిప్పులు చెరిగినా, పక్క కాలమ్‌లోని తంతి వార్త పైవారి కళ్ళతో చూసిందే అయ్యేది. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిగితే, సైనిక శాసనం కింద ఉన్న పంజాబునుంచి నిజం బయటికి పొక్కి దేశానికి పూర్తిగా తెలియడానికి వారాలు, నెలలు పట్టింది. అప్పటికి సదానంద్ వయస్సు 19 ఏళ్ళు.

పత్రిక ఉన్న ఇంట పుట్టి

ఆయన 1900లో తమిళ కుటుంబంలో జన్మించారు. తండ్రి సి.వి. స్వామినాథ అయ్యర్ వివేకచింతామణి అనే తమిళ మాసపత్రికను నడిపారు. తమిళంలో తొలి నవలలలో ఒకటిగా లెక్కించే రాజం అయ్యర్ నవల కమలాంబాళ్ చరిత్రం ధారావాహికగా వచ్చింది ఆ పత్రికలోనే. అచ్చు సిరా వాసన కొత్తగాని ఇల్లు కనుక కుర్రవాడు ఇతర వృత్తుల వంక చూడలేదు.

సదానంద్ పని నేర్చుకున్నది అసోసియేటెడ్ ప్రెస్‌లోనే. ఇది గమనించదగ్గ విషయం. ఆ తర్వాత మోతీలాల్ నెహ్రూ అలహాబాదులో స్థాపించిన ఇండిపెండెంట్ పత్రికలోనూ, రంగూనులోనూ పనిచేశారు. వార్త ఎలా సేకరిస్తారు, తంతి ఖర్చు ఎంత, చందా ఎలా రాబట్టాలి, ఏ వార్త ఏ బల్ల దగ్గర ఆగిపోతుంది అన్నవి ఆయనకు లోపలి మనిషిగా తెలుసు. ఆగ్రహం ఒక్కటే ఉన్నవారు కరపత్రం వేసి ఊరుకుంటారు. సదానంద్‌కు ఆగ్రహంతోబాటు లెక్కా తెలుసు. అయితే జీవితాంతం ఆ రెంటిలో ఆగ్రహానిదే పైచేయి అయిందని ఒప్పుకోక తప్పదు.

ఫ్రీ ప్రెస్ అవతరణ

బొంబాయి కేంద్రంగా ఆయన ఫ్రీ ప్రెస్ ఆఫ్ ఇండియా వార్తాసంస్థను 1927లో నిలబెట్టారు. భారతీయుల యాజమాన్యంలో, భారతీయుల నిర్వహణలో జాతీయ దృష్టితో నడిచిన తొలి వార్తాసంస్థగా చరిత్ర దీనినే గుర్తించింది. పెట్టుబడికి ఆయన వెళ్ళింది బొంబాయి, కలకత్తా వ్యాపార ప్రముఖుల దగ్గరికి. పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్, ఘనశ్యామదాస్ బిర్లా, వాల్‌చంద్ హీరాచంద్ వంటివారు, న్యాయవాది ఎం.ఆర్. జయకర్ డైరెక్టర్లుగా ముందుకు వచ్చారు. వారి రాకకు దేశభక్తి ఒక్కటే కారణం అనుకోనక్కరలేదు. రూపాయి మారకం రేటు మీదా, నౌకా వ్యాపారం మీదా ఆంగ్ల వర్తకులతో భారతీయ వర్తకులకు పోరు ముదిరిన రోజులవి. తమ వాదన దేశమంతటా చేరాలంటే తమకూ ఒక తంతి నోరు కావాలి.

కంపెనీ పెట్టినంత సులువుగా చందాదారులు దొరకలేదు. ప్రభుత్వం కన్నెర్ర చేస్తుందేమోనని చాలా పత్రికలు వెనుకాడాయి. అసోసియేటెడ్ ప్రెస్ తీసుకుంటే రాయిటర్ విదేశీ వార్తలూ సర్కారు వార్తలూ తప్పక వస్తాయి. ఫ్రీ ప్రెస్ తీసుకుంటే అదనపు ఖర్చు, అదనపు ప్రమాదం. ఒకే వార్తకు రెండు చందాలు కట్టగల స్తోమత ఎన్ని పత్రికలకు ఉంటుంది? అయినా కాంగ్రెసు కార్యక్రమాలూ, అరెస్టులూ, సభల వార్తలూ ఫ్రీ ప్రెస్ ఇచ్చినంత వివరంగా మరొకరు ఇవ్వకపోవడంతో పాఠకుల ఒత్తిడే పత్రికలను దారికి తెచ్చింది. ముందు దేశీయ వార్తలతో మొదలైన సంస్థ తర్వాత విదేశీ వార్తలకూ చేయి చాచింది.

1930లో అసలు పరీక్ష ఎదురైంది. మార్చి 12న గాంధీజీ సబర్మతినుంచి దండికి నడక మొదలుపెట్టారు. ఏప్రిల్ 6న ఉప్పు పిడికిట పట్టారు. అదే నెల 27న ప్రభుత్వం ప్రెస్ ఆర్డినెన్సు తెచ్చి పత్రికలనుంచి ధరావతులు కోరింది. ధరావతు కట్టడంకంటె మూతపడటమే మేలని ఎన్నో జాతీయ పత్రికలు ప్రచురణ ఆపాయి. మే 21న ధరాసనా ఉప్పు కొటారుల దగ్గర సత్యాగ్రహుల తలలు పగిలినప్పుడు ఆ దృశ్యాన్ని ప్రపంచానికి చాటింది యునైటెడ్ ప్రెస్ అనే అమెరికా సంస్థ విలేకరి వెబ్ మిల్లర్. ఆయన తంతిని సైతం మొదట అధికారులు తొక్కిపట్టారు. అమెరికావాని తంతికే ఆ గతి పడితే ఫ్రీ ప్రెస్ విలేకరి తంతికి ఏమి గౌరవం ఉంటుంది?

వార్త చేతిలో ఉంది, వేసుకునే పత్రికలు మూతపడ్డాయి. వేరొకరు అయితే కొన్నాళ్ళు ఓపిక పట్టేవారు. సదానంద్ తానే పత్రిక పెట్టారు. అలా ఫ్రీ ప్రెస్ జర్నల్ 1930లో బొంబాయిలో పుట్టింది. సంపాదకుడూ ఆయనే. ఉద్యమ వార్త కోసం ఆబగా ఎదురుచూసే నగరంలో అది చేతులు మారి చదివే పత్రిక అయింది. ప్రభుత్వమూ అంతే ఆసక్తితో చదివింది. 1931లో వచ్చిన అత్యవసర అధికారాల పత్రికా చట్టం కింద ధరావతు కోరడం, దానిని జప్తు చేయడం, మళ్ళీ ఇంకొకటి కోరడం, ఇలా వేలాది రూపాయలు సర్కారు ఖజానాలో పడ్డాయి. జైలు గోడలకంటె ఈ జప్తులే పత్రికాధిపతికి ఎక్కువ భారం. జైలుకు వెళ్ళినవారికి దండలైనా పడతాయి, ధరావతు పోయినవారిని అప్పులవాళ్ళు తరుముతారు.

మద్రాసులో విస్తరణ

ఇక్కడే సదానంద్ జీవితంలో వివాదాస్పదమైన ఘట్టం మొదలవుతుంది. ఒక పత్రికతో ఆయన తృప్తిపడలేదు. మరాఠీలో నవశక్తి వెలువడింది. మద్రాసులో డాక్టరు పి. వరదరాజులు నాయుడు 1932 సెప్టెంబరులో ప్రారంభించిన ఇండియన్ ఎక్స్‌ప్రెస్ కొద్ది నెలలకే డబ్బు ఇబ్బందులలో పడగా సదానంద్ దానిని తీసుకున్నారు. ధర తగ్గించి, కొత్త హంగులు తెచ్చారు. 1934 సెప్టెంబరు 11న, మహాకవి సుబ్రహ్మణ్య భారతి వర్ధంతి రోజున, టి.ఎస్. చొక్కలింగం సంపాదకునిగా దినమణి అనే తమిళ దినపత్రిక వెలువడింది. సామాన్యునికి అందే ధరలో, సామాన్యునికి తెలిసే తమిళంలో వచ్చిన ఆ పత్రిక త్వరలోనే జనంలో పాతుకుపోయింది.

ఇది చూసి మిగిలిన పత్రికలవారికి కంటగింపు కలిగింది. వారి దృష్టిలో న్యాయం లేకపోలేదు. ఫ్రీ ప్రెస్ వార్తాసంస్థకు చందా కట్టి దానిని బతికించేది వారే. ఆ సంస్థ అధిపతి తమ ఊళ్ళోనే తక్కువ ధరకు పత్రిక పెట్టి తమ పాఠకులను లాక్కుంటే, తమ సొమ్ముతో తమ మీదికే పోటీని పెంచినట్టవుతుంది. వార్తలు అందరికీ అమ్మేవాడు తానూ పత్రిక నడిపితే మంచి వార్తను తన పత్రికకు ముందు దాచుకోడని నమ్మకం ఏమిటి? పాలు పోసేవాడే వీధి మొదట్లో కాఫీ హోటలు తెరిస్తే మిగతా హోటళ్ళవారు ఏం చేస్తారో వారూ అదే చేశారు. వేరే చోట పాలు చూసుకున్నారు.

డైరెక్టర్లయిన వ్యాపార ప్రముఖులు అంతకుముందే దూరం జరిగారు. సదానంద్ దూకుడు వారికి మింగుడుపడలేదు, వారి జాగ్రత్త ఆయనకు నచ్చలేదు. కలకత్తాలో ఫ్రీ ప్రెస్‌కు కుడిభుజంగా ఉన్న బిధుభూషణ్ సేన్‌గుప్తా విడిపోయి 1933లో యునైటెడ్ ప్రెస్ ఆఫ్ ఇండియాను స్థాపించారు. దానికి డాక్టరు బిధాన్‌చంద్ర రాయ్ అండ దొరికింది. జాతీయ పత్రికలు అనేకం అటు మొగ్గాయి. ఒకవంక జప్తులు, ఒకవంక చందాల తగ్గుదల, మరొకవంక అప్పులు. 1935లో ఫ్రీ ప్రెస్ ఆఫ్ ఇండియా మూతపడింది.

మద్రాసు పత్రికలూ నిలవలేదు. డబ్బు కోసం సదానంద్ ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో కొంత హక్కును రామ్‌నాథ్ గోయెంకాకు రుణపత్రాల రూపంలో ఇచ్చారు. వార్తాసంస్థ కూలిన దెబ్బకు ఆ పట్టు సడలింది. కోర్టులలో చాలాకాలం పెనుగులాడిన మీదట ఇండియన్ ఎక్స్‌ప్రెస్, దినమణి రెండూ గోయెంకా వశమయ్యాయి. ఆ ముద్రణాలయంనుంచే 1938 ఆగస్టు 15న ఖాసా సుబ్బారావు తొలి సంపాదకునిగా ఆంధ్రప్రభ వెలువడింది. సదానంద్ చేజార్చుకున్న పునాదుల మీద తెలుగువారి మరొక దినపత్రిక లేచింది. తర్వాత నార్ల వెంకటేశ్వరరావు చేతిలో అది తెలుగు పత్రికా భాషకే కొత్త నడక నేర్పింది.

సదానంద్‌కు మిగిలింది బొంబాయి. ఫ్రీ ప్రెస్ జర్నల్‌ను మాత్రం ఆయన వదలలేదు. ఇక మీసం మెలేసింది ప్రత్యర్థులే. 1937లో రాయిటర్ తన అసోసియేటెడ్ ప్రెస్ కోసం టెలిప్రింటర్లను తెచ్చింది. తంతి బంట్రోతు కవరు తెచ్చే రోజులు పోయి, వార్త తనంతట తానే యంత్రం మీద టకటకమంటూ అచ్చయి దిగసాగింది. పోటీకి ఇక పట్టుదల చాలదు, యంత్రమూ, దానికి ప్రభుత్వం అద్దెకిచ్చే తంతి మార్గమూ ఉండాలి.

రెండవ ప్రయత్నం

అయినా మనిషి మారలేదు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన 1945లో ఆయన ఫ్రీ ప్రెస్ ఆఫ్ ఇండియాను మళ్ళీ లేపారు. స్వాతంత్ర్యం గుమ్మంలో ఉంది, ఇప్పుడైనా దేశానికి తన సొంత వార్తాసంస్థ ఉండాలన్నది ఆయన తపన. కాని రెండేళ్ళకే ఆ ప్రయత్నమూ ఆగిపోయింది. పదేళ్ళ క్రితం ఆర్డినెన్సులు చేసిన పనిని ఈసారి ఖర్చులూ, టెలిప్రింటర్ సౌకర్యం లేమీ చేశాయి.

అప్పటికి ఇతర పత్రికాధిపతులు కూడా ఆయన 1927లో అన్న మాటకే వచ్చారు. రాయిటర్ చేతిలోని అసోసియేటెడ్ ప్రెస్‌ను భారతీయ పత్రికలు ఉమ్మడిగా తీసుకోవాలని నిర్ణయమైంది. 1947 ఆగస్టు 27న, స్వాతంత్ర్యం వచ్చి రెండు వారాలైనా నిండకుండా, మద్రాసులో ప్రెస్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా రిజిస్టరయింది. స్థాపక పత్రం మీద సంతకాలు చేసినవారిలో హిందూ సంపాదకుడు కస్తూరి శ్రీనివాసన్, స్వదేశమిత్రన్ సంపాదకుడు సి.ఆర్. శ్రీనివాసన్, ఆనందవికటన్ అధిపతి ఎస్.ఎస్. వాసన్, అప్పటికి స్వతంత్ర వారపత్రిక నడుపుతున్న మన ఖాసా సుబ్బారావు ఉన్నారు. వారి సరసన సదానంద్ సంతకమూ ఉంది. ఒకనాడు మద్రాసు మార్కెట్టులో ఆయన పోటీని సహించలేకపోయిన పత్రికలవారూ, ఆయనా ఒకే కాగితం మీద చేరారు.

కొత్త సంస్థ నిర్మాణంలో ఒక అంశం చెప్పుకోదగింది. వాటాదార్లు పత్రికలే, లాభాలు పంచుకోవడం లేదు. వార్తలు అమ్మేవాడే పోటీ పత్రిక పెట్టాడన్న తగవుకు అక్కడ తావు లేదు, ఎందుకంటే అమ్మేవారూ కొనేవారూ వారే. సదానంద్ ఒంటిచేత్తో చేయబోయి బోర్లాపడిన చోట అందరూ తలొక చేయి వేశారు.

అయితే పగ్గాలు వెంటనే పూర్తిగా చేతికి రాలేదు. లండనులో బేరసారాలు సాగి, సర్దార్ పటేల్ సమాచార మంత్రిగా ఉన్న కాలంలో ఒప్పందం కుదిరింది. 1949 ఫిబ్రవరి 1న పి.టి.ఐ. అసోసియేటెడ్ ప్రెస్ బాధ్యతలు స్వీకరించింది. విదేశీ వార్తలకు మాత్రం రాయిటర్‌తో భాగస్వామ్యం కొనసాగింది. సొంత ఇల్లు కట్టుకున్నా వీధి తలుపు తాళం ఉమ్మడిగానే ఉంచుకున్నట్టు. ఆ భాగస్వామ్యాన్ని 1953లో వదులుకుని పి.టి.ఐ. స్వతంత్రంగా నిలబడింది. రాయిటర్ వార్తలను అటుపైన కొనుగోలుదారుగా తీసుకుంది. సేన్‌గుప్తా యునైటెడ్ ప్రెస్ 1958లో మూతపడగా, పి.టి.ఐ.కి పోటీగా యు.ఎన్.ఐ. 1961లో పని ప్రారంభించింది.

చివరి రోజులు

చివరి దశలో సదానంద్ కాలమంతా బొంబాయి పత్రికతోనే గడిచింది. జీతాలు ఘనంగా ఉండేవి కావు గాని, పేరులేని కుర్రవాళ్ళకు అక్కడ తలుపు తెరిచి ఉండేది. తర్వాత వ్యంగ్య చిత్రకారుడుగా దేశమంతటా ప్రసిద్ధి పొందిన ఆర్.కె. లక్ష్మణ్ కొంతకాలం ఆ పత్రికలోనే బొమ్మలు వేశారు. మరాఠీ రాజకీయాలలో పేరు మోసిన బాల్ థాకరే కుంచె పట్టిందీ అక్కడే. పాత్రికేయులు ఎం.వి. కామత్, టి.జె.ఎస్. జార్జి ఆ కార్యాలయంలోనే ఓనమాలు దిద్దారు. అక్కడినుంచి ఎక్కువ జీతానికి పెద్ద పత్రికలకు వలసపోయినవారికి లెక్కలేదు. పెద్ద పత్రికలు ఆ విధంగా ఖర్చులేకుండా తర్ఫీదు పొందిన మనుషులను సంపాదించుకున్నాయి.

1953లో, 53 ఏళ్ళ వయస్సులో సదానంద్ మరణించారు. ఫ్రీ ప్రెస్ జర్నల్ ఆయన తర్వాత చేతులు మారినా ఆగలేదు. బొంబాయిలో సముద్రాన్ని పూడ్చి మేడలు కట్టిన నారిమన్ పాయింట్ ప్రాంతంలో ఒక వీధికి ఆ పత్రిక పేరే పెట్టారు.